పాఠకుల ప్రశ్నలు – మా సమాధానాలు: టైటస్ సాల్ట్, ఆయన కట్టించిన ఊరు

గత సంచికలో ఇంగ్లండులోని మిల్లు ఊరు సాల్టైర్ ఛాయాచిత్రాన్ని ప్రచురించాం. దాన్ని కట్టించిన సర్ టైటస్ సాల్ట్ (1803–1876) గురించి ముగ్గురు పాఠకులు రాశారు. మూడు ప్రశ్నలకూ ఈసారి ఇక్కడే సమాధానమిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు వేసవిలో మేము అక్కడికి వెళ్లినప్పుడు సాల్టైర్ చూపించాడు. ఒకే ఒక్క మిల్లు యజమాని తన కార్మికుల కోసం ఊరంతా కట్టించాడనీ, వీధులకు తన పిల్లల పేర్లు పెట్టాడనీ, కల్లు సారా దుకాణాలను ఊళ్లోకి రానివ్వలేదనీ విన్నాను. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు పక్కన పెరిగినవాణ్ణి కావడం వల్లనేమో, ఆ వీధుల్లో తిరుగుతున్నంతసేపూ ఒకటే సందేహం. ఆయన నిజంగా దయగలవాడా, లేక లెక్క తెలిసిన వ్యాపారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

సమాధానం: మా అంచనాలో ఆయన మొదట లెక్క తెలిసిన వ్యాపారి. దయ కూడా ఆ లెక్క లోపలిదే, అయినంత మాత్రాన అది నటన కాదు. సాల్టైర్‌కు ముందు ఆయన బతికిన బ్రాడ్‌ఫర్డ్ ఎలాంటిదో చూస్తే మా మాట మీకు తెలుస్తుంది. 1801లో సుమారు 13 వేల జనాభా ఉన్న ఆ పట్టణం ఉన్ని మిల్లుల పుణ్యమా అని 1851 నాటికి లక్ష దాటిపోయింది. ఇళ్లు గానీ, మంచినీళ్లు గానీ, మురుగు కాలువలు గానీ ఆ జనానికి తగినట్టు పెరగలేదు. పొగగొట్టాలు వందల్లో లేచాయి. మిల్లుల మురికీ ఇళ్ల మురికీ ఊరి మధ్య పారే వాగులోకే చేరేవి. 1848లో సాల్ట్ ఆ పట్టణానికి మేయరయ్యారు, మరుసటి ఏడే కలరా వచ్చి 400 మందికి పైగా చనిపోయారు. పొగ తగ్గించే ఒక కొత్త పరికరాన్ని ఆయన తన మిల్లుల్లో పెట్టించి, తక్కిన యజమానులూ పెట్టించాలని పట్టుబట్టారు. పురపాలక సంఘంలో కూర్చున్నవారిలో మిల్లు యజమానులే ఎక్కువ కాబట్టి ఆ మాట సాగలేదు.

అప్పటికి బ్రాడ్‌ఫర్డ్‌లో ఆయనకు ఐదు మిల్లులున్నాయి. సరుకు ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకు మోయించడంలోనే సమయమూ డబ్బూ ఖర్చయిపోయేవి. పట్టణానికి మూడు మైళ్ల దూరంలో, ఏర్ నది ఒడ్డున, ఒక పక్క లీడ్స్–లివర్‌పూల్ కాలువా మరో పక్క రైలు మార్గమూ ఉన్న స్థలాన్ని కొని, అన్నిటినీ ఒకేచోటికి చేర్చాలని ఆయన నిర్ణయించడం వెనుక ఈ లెక్క ఉంది. సాల్ట్ అనే ఇంటిపేరుకు ఏర్ నది పేరు కలిసి సాల్టైర్ అయింది. 1853 సెప్టెంబరు 20న, సరిగ్గా ఆయన యాభయ్యో పుట్టినరోజున, మిల్లు ప్రారంభమైంది. 545 అడుగుల పొడవైన ఆ భవనంలో సుమారు 3,000 మంది పనిచేసేలా, 1,200 మరమగ్గాల మీద రోజుకు 30 వేల గజాల బట్ట నేసేలా ఏర్పాటు చేశారు. యంత్రాలను తిప్పే ఇరుసులను చాలావరకు నేల కిందుగా వేయించడంతో నేత షెడ్డులో చప్పుడూ దుమ్మూ తగ్గాయి. ఇళ్లు ఇంకా లేవలేదు కనుక మొదట్లో కార్మికులు బ్రాడ్‌ఫర్డ్ నుంచి రైల్లో వచ్చి వెళ్లేవారు.

ఆ తరువాత పదిహేనేళ్లలో ఎనిమిది వందలకు పైగా ఇళ్లు కట్టారు. ప్రతి ఇంటికీ నీళ్లు, గ్యాసు, సొంత మరుగుదొడ్డి ఉండడం ఆ రోజుల్లో కార్మికులు కలలో కూడా చూడనిది. అయితే ఇళ్లన్నీ ఒకే కొలతవి కావు. మేస్త్రీలకు పెద్దవి, మామూలు కార్మికులకు చిన్నవి, కనుక వీధిలో నడిచి వెళ్తేనే మిల్లులో ఎవరి హోదా ఏమిటో తెలిసిపోయేది. భార్య కరోలిన్‌కూ పిల్లలకూ తోడు, ఊరికి నమూనా గీసిన లాక్‌వుడ్, మాసన్ అనే ఇద్దరు వాస్తుశిల్పులకు కూడా చెరో వీధి దక్కింది. ఆసుపత్రి, బడి, గ్రంథాలయం గల సభా భవనం, పార్కు ఒక్కొక్కటే వచ్చాయి. ముసలివాళ్ల కోసం కట్టిన 45 చిన్న ఇళ్లలో అద్దె లేకపోగా, దంపతులకు వారానికి 10 షిల్లింగులు, ఒంటరివారికి ఏడున్నర షిల్లింగులు చేతికిచ్చేవారు. ప్రభుత్వం వృద్ధాప్య పింఛను ఇవ్వడానికి ఇంకా నలభై ఏళ్లు పట్టిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు.

ఇక రెండో వైపు చూద్దాం. మీరు విన్నట్టే ఊళ్లో మద్యశాల లేదు. కార్మిక సంఘాలంటే యజమానికి గిట్టదు. జీతమిచ్చేదీ ఇల్లిచ్చేదీ ఒకరే అయినప్పుడు కార్మికుడు ఎంతవరకు నోరు విప్పగలడో మిల్లు పక్కన పెరిగిన మీకు మేము చెప్పనక్కరలేదు. పదేళ్లు నిండని పిల్లలు కూడా సగం పూట బడిలో, సగం పూట మిల్లులో గడిపేవారు. అది ఆనాటి చట్టం ఒప్పుకున్నదే, ఆయన దాన్ని తప్పుగా భావించలేదు. మాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది చాకిరేవు కథ. వీధుల్లో తాళ్లకు బట్టలు వేలాడడం సాల్ట్‌కు నచ్చక, 1863లో ఆవిరి యంత్రాలతో బట్టలుతికి పిండే చావడి ఒకటి కట్టించారు. ఇల్లాళ్లు తమ మాసిన బట్టలు పదిమందిలో విప్పి చూపడానికి ఇష్టపడలేదు కాబోలు, ఆ చావడికి ఆదరణ దక్కలేదు, చివరికి దాన్ని ఇళ్లుగా మార్చేశారు.

ప్రశ్న: ఆయన సంపదకు మూలం అల్పాకా అని చదివాను. మాది చేనేత కుటుంబం. అది నూలా, లేక ఉన్నియా?
– ఒక పాఠకురాలు, చీరాల

సమాధానం: ఉన్నే. దక్షిణ అమెరికాలో పెరూ కొండల మీద మేసే, ఒంటె జాతికి చెందిన ఒక జంతువు బొచ్చు అది. పొడుగ్గా, మెత్తగా, పట్టులా నిగనిగలాడుతుంది గానీ మామూలు గొర్రె ఉన్నికి అలవాటుపడిన యంత్రాల మీద వడకడానికి లొంగేది కాదు. సాల్ట్‌కు ఇలాంటి మొండి సరుకుతో ముందే పరిచయం ఉంది. తండ్రితో కలిసి ఉన్ని వ్యాపారం చేసే రోజుల్లో, రష్యాలోని డాన్ నదీ ప్రాంతం నుంచి వచ్చిన ముతక ఉన్నిని ఏ మిల్లూ కొనకపోతే, ఆయనే దాన్ని వడికించి చూపించి, ఆ పట్టుదలతోనే మిల్లు యజమాని అయ్యారు. 1836లో లివర్‌పూల్ గోదాములో అమ్ముడుపోకుండా మూలుగుతున్న అల్పాకా బేళ్లు ఆయన కంటబడ్డాయి. కాస్త నమూనా తీసుకెళ్లి, దువ్వి, వడికి చూసుకుని, తరువాత మొత్తం సరుకు కొనేశారు. అల్పాకాను మొదట వడికినవాడు ఆయనేనని చాలామంది రాస్తారు, అది సరికాదు. అంతకుముందే ప్రయత్నించినవారున్నారు, గిరాకీ తెచ్చింది మాత్రం ఈయన.

మీకు వెంటనే అర్థమయ్యే కిటుకు ఒకటుంది. పడుగుకు (నిలువు దారాలకు) నూలు, పేకకు (అడ్డ దారాలకు) అల్పాకా వాడడం. నూలు పడుగు బలాన్నిస్తుంది, సన్నని అల్పాకా పేక పైకి తేలి మెరుపునిస్తుంది, ధర పట్టు కన్నా బాగా తగ్గుతుంది. మధ్యతరగతి ఆడవాళ్ల గౌన్లకు అంతకన్నా ఏం కావాలి? విక్టోరియా రాణి కూడా విండ్సర్‌లో తాను పెంచిన రెండు అల్పాకాల ఉన్నిని 1844లో సాల్ట్‌కు పంపి బట్ట నేయించుకున్నారు. మన దేశంలో ఒకప్పుడు వకీళ్లూ గుమాస్తాలూ తొడుక్కున్న నల్ల అల్పాకా కోట్లు ఈ జాతి బట్టతో కుట్టినవే, అయితే అందులో ఎంత భాగం సాల్ట్ మిల్లుదని అడిగితే మాత్రం చెప్పలేం.

ప్రశ్న: సాల్ట్ పార్లమెంటు సభ్యుడిగా ఏం చేశారు? ఆయన తరువాత ఆ మిల్లు ఏమైంది?
– ఒక పాఠకుడు, సిరిసిల్ల

సమాధానం: పార్లమెంటులో చెప్పుకోదగ్గది ఏమీ చేయలేదు. ఓటు హక్కు మరింతమందికి అందాలని కోరిన లిబరల్ ఆయన. 1859లో బ్రాడ్‌ఫర్డ్ నుంచి గెలిచారు. స్వభావరీత్యా మితభాషి, సభలో నోరు విప్పడమే అరుదు. ఆరోగ్యం కుదరక 1861లో రాజీనామా చేశారు. ఆ స్థానంలోకి వచ్చిన మరో మిల్లు యజమాని డబ్ల్యూ. ఇ. ఫార్‌స్టర్ తరువాతి కాలంలో 1870 నాటి ప్రాథమిక విద్యా చట్టాన్ని తెచ్చారు. ఊరు కట్టడంలో చూపిన ఓపిక శాసనసభలో చూపడం సాల్ట్‌కు చేతకాలేదనే అనుకోవాలి. 1869లో బారొనెట్ అనే, వంశపారంపర్యంగా సాగే బిరుదు మాత్రం వచ్చింది.

ఆయన జీవితకాలంలో ఇచ్చిన దానాలు కనీసం రెండున్నర లక్షల పౌండ్లని అంచనా. 1876 డిసెంబరు 29న చనిపోయారు, అంతిమయాత్ర దారిలో సుమారు లక్షమంది నిలబడ్డారని చెబుతారు. ఫ్యాషన్ మారి, అమెరికా దిగుమతి సుంకాలు పెంచాక, పదహారేళ్లు తిరక్కుండానే 1892లో కంపెనీ దివాలా తీసింది. కొత్త యజమానుల చేతిలో మిల్లు మరో తొంభై ఏళ్లకు పైగా నడిచి 1986లో మూతపడింది. మరుసటి ఏడాది జోనథన్ సిల్వర్ అనే వ్యాపారి కొని, బ్రాడ్‌ఫర్డ్‌లోనే పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ చిత్రాలకు అందులో గ్యాలరీ పెట్టించారు. 2001లో యునెస్కో ఊరంతటినీ ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. వీటన్నిటి తరువాత, ఇక నిషేధించేవారు లేరు కనుక, ఆ ఊళ్లో ఒక బారు కూడా వెలసింది. దానికి పెట్టిన పేరు, తెలుగులో చెప్పాలంటే, ‘టైటస్‌కు చెప్పొద్దు’.