లేత ఆకుపచ్చ రంగు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: ఎన్4పై (N4Py) అనే లైగాండ్‌తో, అంటే లోహాన్ని పట్టుకుని ఉంచే అణువుతో, ఐరన్-ఆక్సో కాంప్లెక్స్ (ఐరన్‌కు ఆక్సిజన్ అతుక్కున్న సమ్మేళనం) తయారుచేస్తున్నాం. ఎర్రటి ద్రావణం లేత ఆకుపచ్చగా మారుతుంది గానీ గంటలోపే రంగు పోతోంది. మా ఎండలే కారణమా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, అనంతపురం

జవాబు: ఎండ ఒక్కదాని మీదే నెపం వేయకండి. అసిటోనైట్రైల్ ద్రావణిలో 25 డిగ్రీల వద్ద ఈ ఆకుపచ్చ ఐరన్(4)-ఆక్సో కాంప్లెక్స్ సగానికి తగ్గడానికి దాదాపు 60 గంటలు పడుతుంది. ముందు ఐరన్‌కు ఆక్సిజన్ అందించే అయడోసిల్‌బెంజీన్ పొడిని అనుమానించండి. నిల్వ ఉంటే చెడిపోతుంది, పైగా అసిటోనైట్రైల్‌లో సరిగా కరగదు. అది చాలకపోతే మిగిలిపోయిన ఐరన్(2), తయారైన ఐరన్(4)తో కలిసి రెండూ ఐరన్(3)గా మారిపోతాయి. తాజా పొడి 2, 3 రెట్లు వేసి, బాగా కలిపి, వడకట్టండి. ఆ పొడిని మాత్రం వేడి చేయొద్దు, పేలుతుంది. 1 మిల్లీమోలార్ ద్రావణం 695 నానోమీటర్ల దగ్గర సుమారు 0.4 శోషణ చూపాలి. తక్కువొస్తే ముందుకెళ్లకండి.

కాంప్లెక్స్ సిద్ధమయ్యాక, దానితో ఆక్సీకరణకు మొదట గంధకం ఉన్న థయోఅనిసోల్ తీసుకోండి. గంధకం ఆక్సిజన్‌ను నేరుగా అందుకుని సల్ఫాక్సైడ్ అవుతుంది. ఇథైల్‌బెంజీన్‌లో అలా కాదు, ఐరన్-ఆక్సో ముందు హైడ్రోజన్‌ను లాగేస్తుంది, కార్బన్ రాడికల్ మిగులుతుంది. గాలి ఉంటే దాన్ని ఆక్సిజన్ పట్టేసుకుని ఉత్పత్తుల లెక్క తారుమారవుతుంది. అందుకే గాలికి బదులు ఆర్గాన్ వాయువు తప్పనిసరి. సైక్లోహెక్సేన్‌లో కార్బన్-హైడ్రోజన్ బంధం గట్టిది, చర్య చాలా నెమ్మది. దాన్ని చివరికి ఉంచుకోండి.