8 గంటలకు తగ్గి 24 గంటలకు పెరిగిన బయోఫిల్మ్

తమ్ముడూ, అనంతపురం ల్యాబ్‌లో నీకొచ్చిన రీడింగులు తప్పని పారేయొద్దు. ఐదు టాక్సిన్-యాంటీటాక్సిన్ జతల (కణానికి హాని చేసే టాక్సిన్, దాన్ని ఆపే విరుగుడు) జన్యువులు తీసేసిన ఈ.కోలై బ్యాక్టీరియాలో బయోఫిల్మ్, అంటే కణాలు ఉపరితలానికి అంటుకుని కట్టే పొర, 8 గంటలకు తగ్గడం, 24 గంటలకు పెరగడం 2009లోనే అచ్చయిన సంగతి. ఆ జతలు పోతే టాబ్‌ఏ జన్యువు పుంజుకుంటుంది. అది ఫింబ్రియాలను, అంటే కణం అంటుకోడానికి వాడే సన్నటి నూగును, అణచేస్తుంది, దాంతో మొదట్లో కణాలకు పట్టు దొరకదు. తర్వాత పెరగడానికి కారణం వేరే: పొర నుంచి కణాలు విడిపోయి వెళ్లడం తగ్గుతుంది. నాకు భలే ముచ్చటేసే విషయమిది.

ఒకటి మాత్రం చూసుకో. మన ఎండలకు ప్లేటు అంచు వెల్స్ (చిన్న గుంటలు) త్వరగా ఆరి, బయోఫిల్మ్‌ను కొలవడానికి వేసే క్రిస్టల్ వయొలెట్ రంగు అక్కడ ఉంగరంలా చిక్కగా పడుతుంది. అంచుల్లో ఉత్త నీళ్లు పోసి, కల్చర్ లోపలి వెల్స్‌లోనే పెట్టు. రంగు వేసేముందు 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కణాలు ఎంత పెరిగాయో చెప్పే మసక కొలత) తీసి, రంగు రీడింగును దాంతో భాగించు. మధ్యలో 16 గంటల రీడింగు కూడా తీయి.