నొప్పి లేకపోతే గుండెకి ముప్పు లేనట్టేనా?

ప్రశ్న: మా తమ్ముడికి 42 ఏళ్లు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని తొమ్మిదేళ్లుగా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. బరువు పెరగలేదు, ఛాతీనొప్పీ లేదు. గుండె పరీక్షలు అవసరమా?

జవాబు: తప్పకుండా చేయించండమ్మా. తూకాన్ని నమ్ముకోవద్దు. కదలని కాళ్లలో కండ కరిగి, ఆ చోట కొవ్వు చేరుతుంది. బరువు మాత్రం అంతే ఉంటుంది. అందుకే వీరిలో బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 22 దాటితే చాలు, ఊబకాయంగా లెక్కిస్తారు. మంచి కొలెస్ట్రాల్ తగ్గడం, షుగర్ పెరగడం కూడా వీరిలో ఎక్కువే. ఏటా లిపిడ్ ప్రొఫైల్, షుగర్ చూపించండి.

నొప్పి లేదన్న ధీమా ఇంకా ప్రమాదం. గుండెనొప్పి కబురు మోసే నరాలు ఛాతీ పైభాగంలో వెన్నుపామును చేరతాయి. దెబ్బ అంతకంటే పైనుంటే ఆ కబురు మెదడుకి అందకపోవచ్చు. కారణం లేని ఆయాసం, వికారం, దవడనొప్పి, కండరాల బిగుతు హఠాత్తుగా ఎక్కువవడం కనిపిస్తే వెంటనే ఈసీజీ తీయించండి.

బీపీ విషయం మరీ జాగ్రత్త. మెడ దెబ్బ ఉన్నవారికి పై అంకె మామూలుగానే 90–110 ఉంటుంది. కాబట్టి తలపోటుతో 140 కనిపిస్తే అది చిన్న పెరుగుదల కాదు. నిటారుగా కూర్చోబెట్టి, బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయండి. మూత్రం గొట్టం మెలిక పడిందేమో, సంచి నిండిందేమో చూడండి. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. తగ్గకపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

డాక్టరు సరేనంటే, చేతులతో తిప్పే పెడల్ వారానికి మూడుసార్లు, 30 నిమిషాల చొప్పున చేయించండి.