పాతికేళ్ల కొడుకుతో రిమోట్ కారు

మేస్త్రీ గారిని అడగండి

ప్రశ్న: మేస్త్రీ గారూ, నాది తెనాలి. బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి 26 ఏళ్లు. ఇంటి నుంచే ఆఫీసు పని. అన్నం దగ్గర ‘ఊఁ’, ‘చాలు’ తప్ప మాట ఉండదు. మొన్న ఉన్నట్టుండి “నాన్నా, మనిద్దరం ఒక ఆర్‌సీ కారు, అదే రిమోట్‌తో నడిచేది, తయారు చేద్దామా?” అన్నాడు. పాతిక వేలు దాకా అవుతుందట! ఆ డబ్బుకి పాత స్కూటర్ వస్తుంది. చిన్నప్పుడు రిమోట్ కారు కావాలని ఏడిస్తే కొనివ్వని మాట నిజమే. అలాగని ఇప్పుడీ వయసులో బొమ్మలా? పైగా నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడమే సరిగ్గా రాదు. ఏం చెప్పమంటారు?

జవాబు: ముందు ‘సరే’ అనేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మీరనుకునే బొమ్మ వేరు, అబ్బాయి చెప్పేది వేరు. బజార్లో దొరికే చవక బొమ్మకి ఎడమ నొక్కితే చక్రాలు పూర్తిగా ఎడమకి, కుడి నొక్కితే పూర్తిగా కుడికి. మధ్యలో ఏమీ లేదు. పాడైతే అటకెక్కడమే. అబ్బాయి చెప్పేదాన్లో సర్వో అని చిన్న డబ్బా ఉంటుంది, మీరు రిమోట్ చక్రం ఎంత తిప్పితే కారు చక్రాలూ అంతే తిరుగుతాయి. డిఫరెన్షియల్, సస్పెన్షన్, నూనె పోసే షాకబ్జార్లు అన్నీ విడివిడిగా ఉంటాయి, ఏది విరిగితే అదొక్కటే కొనుక్కోవచ్చు. జపాన్‌లో షిజుఒకా ఊళ్లోని టామియా కంపెనీ 1976లో పోర్షె 934తో మొదలుపెట్టి ఇప్పటికీ ఇలాంటివి అమ్ముతూనే ఉంది.

నాకివన్నీ ఎలా తెలుసంటే, మా అమ్మాయి నేర్పింది. తనకి 28. “ఏ కారు చేద్దాం నాన్నా?” అని అడిగినప్పుడు ఇంకో ఆలోచన లేకుండా అంబాసిడర్ అన్నాను. బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు ఆ బండి కింద పడుకున్నవాణ్ణి. 2014లో కోల్‌కతా దగ్గర ఉత్తరపారలో దాని తయారీ ఆపేశారని తెలిసినప్పుడు ఆ పూట షెడ్డు తీయబుద్ధి కాలేదు. సరే, అంబాసిడర్ బాడీ మాకెక్కడా దొరకలేదు. అమ్మాయి లెక్కేసింది. అసలు బండికి ముందు చక్రం నుంచి వెనక చక్రానికి 2464 మిల్లీమీటర్లు. టామియాలో ఎం-06 అనే చాసిస్‌ని, అంటే బాడీ కింద ఉండే చట్రాన్ని, పొడుగు చేసుకుంటే 239 వస్తుంది. అంటే 10.3వ వంతు. ఆ కొలతకి బాడీ త్రీడీ ప్రింట్ చేస్తానంది. వెనక చక్రాలు లాగే చాసిసే కావాలని పట్టుబట్టింది మాత్రం నేనే. ముందు చక్రాలు లాగే అంబాసిడర్‌ని చచ్చినా ఒప్పుకోను. తీరా చూస్తే ఆ ఎం-06కి మోటారు డిక్కీలో ఉంది! మలుపులో కాస్త గట్టిగా ఇస్తే తోక ఊపుతుంది, అది వేరే సంగతి.

ఇక నేను చేసిన వెధవపనులు చెబుతాను, మీరు చేయకండి.

కిట్‌లో స్క్రూలు ఎ, బి, సి అని సంచుల్లో వస్తాయి. నేను అనుభవజ్ఞుణ్ణి కదా, అన్నీ కత్తిరించి స్టీలు పళ్లెంలో పోశాను. మూడు మిల్లీమీటర్ల స్క్రూల్లో 8 పొడుగువి, 10 పొడుగువి కలిసిపోతే కంటికి తేడా తెలియదు. పొట్టిది పట్టాల్సిన చోట పొడుగుది బిగిస్తే అవతలికి పొడుచుకొస్తుంది. మా ఆవిడ బియ్యంలో రాళ్లేరినట్టు గంటసేపు ఏరిపెట్టింది. అంతటితో బుద్ధి రాలేదు. పుస్తకం చూడకుండా ఎడమవైపు సస్పెన్షన్ ఆర్మ్ తలకిందులుగా బిగించేశాను. అమ్మాయి ఒక్క మాట అనలేదు. పుస్తకంలో నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, నా ముందుకి జరిపింది. షెడ్డులో కుర్రాళ్లని ఎన్నిసార్లు కసిరానో అప్పుడు గుర్తొచ్చింది లెండి.

స్క్రూడ్రైవర్ సంగతి. జపాన్ స్క్రూల ప్లస్ గాడి మన మామూలు ప్లస్ లాంటిది కాదు. చాలావాటికి తల మీద చిన్న చుక్క ఉంటుంది, అది గుర్తు. మామూలుది పెట్టి తిప్పితే జారి గాడి అరిగిపోతుంది. పాత హీరో హోండా కార్బ్యురేటర్ స్క్రూలు అరగ్గొట్టిన మెకానిక్ ఎవర్నైనా అడగండి. జె.ఐ.ఎస్., అంటే జపాన్ కొలతది, అని అడిగి ఒకటి కొనండి. మీకు పట్టుకోవడం రాదంటున్నారు, మంచిదే. చేయి తిరిగినవాడికే పంతం. అబ్బాయి చేస్తాడు, మీరు పుస్తకం చదివి స్క్రూ అందించండి.

మోటారు పళ్లచక్రం, పెద్ద పళ్లచక్రం కలిసే చోట మరీ బిగిస్తే మోటారు వేడెక్కుతుంది, వదులైతే పళ్లు పోతాయి. సన్నటి కాగితం ముక్క రెండింటి మధ్య పెట్టి, ఆనించి బిగించి, తర్వాత చక్రం తిప్పి కాగితాన్ని బయటికి లాగేయండి. మా చాసిస్‌లో ఆ దూరం ముందే కుదిర్చి ఉంది. మోటారు జరిపే వీలున్న చాసిస్ కొంటే ఈ కిటుకు పనికొస్తుంది.

బాడీ ప్రింట్ నాలుగు ముక్కలుగా వచ్చింది. అతుకులకి లప్పం పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టడం నా పని. వారం రోజులు ఆదివారం సినిమా కూడా చూడకుండా రుద్దాను. తెల్ల రంగు ఆరాక, మా అల్లుడికి చూపిద్దామని దాన్ని మా కారు వెనక సీట్లో పెట్టుకుని వెళ్లి, భోజనానికి కూర్చున్నాం. మే నెల, బెజవాడ. తిరిగొచ్చి చూస్తే అంబాసిడర్ టాపు అప్పడంలా వంగిపోయింది! అది పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందట. మూసిన కారులో ఎండకి ఆ వేడి లెక్కే కాదు. రెండోసారి అమ్మాయి పీఈటీజీ అనే, వేడికి ఇంకాస్త ఆగే ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసింది. మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు. ఆ రెండో విడత రుద్దుతున్నప్పుడే, పేపర్ నీళ్లలో ముంచుతూ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని చెప్పింది. నేను తలెత్తలేదు. “హెడ్‌లైట్ పక్కన ఇంకొంచెం ఉంది చూడు” అన్నాను. చూసింది. మిగతాది కూడా చెప్పింది.

డబ్బు విషయంలో అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. పెట్టె మీద ధర చూసి సంతోషపడకండి. సర్వో, రిమోట్, బ్యాటరీ, చార్జర్ మామూలుగా విడిగానే కొనాలి. బ్యాటరీ లైపో (లిథియం పాలిమర్) అయితే రెండు సెల్స్‌ది 7.4 వోల్టులు, నిండితే 8.4. సెల్స్ అన్నీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్ తప్పనిసరి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 5 ఆంపియర్లకి మించి చార్జ్ చేయకండి, పెట్టేసి నిద్రపోకండి. ఉబ్బితే ఇక వాడొద్దు. మేం మట్టి మూకుట్లో పెట్టి చార్జ్ చేస్తాం. ఇంత టెన్షన్ ఎందుకనుకుంటే మొదట నికెల్ మెటల్ హైడ్రైడ్‌ది, 7.2 వోల్టులది, తీసుకోండి. ఇంకోటి, ఆన్ చేసేటప్పుడు రిమోట్ ముందు, ఆపేటప్పుడు కారు ముందు. తిరగేస్తే కారు సొంత తెలివి చూపించి గోడకి గుద్దే ప్రమాదం ఉంది.

ఏ కారు అన్నది మాత్రం అబ్బాయినే అడగండి. అప్పట్లో కావాలని ఏడ్చిందేదో మీకు గుర్తుందా?

ప్రశ్న: మేస్త్రీ గారూ, మా బాబు రిమోట్ నొక్కితే పక్కింటి పిల్లాడి కారు కూడా కదులుతోంది. రిపేరు చేయించాలా? (ఒక గృహిణి, ఖమ్మం)

జవాబు: పాడు కాలేదమ్మా. చవక బొమ్మలు చాలావరకు ఒకే 27 మెగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్ మీద నడుస్తాయి, ఎవరి రిమోట్ మాటైనా వింటాయి. 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్‌లైతే తన కారుతో ముందే జత కుదుర్చుకుంటాయి, ఆ గొడవ ఉండదు. అప్పటిదాకా పిల్లలిద్దరికీ చెరో గంట అని వంతులు పెట్టండి.