పరాయి దేశంలో పాస్‌పోర్టు, పెట్టె, ఫోను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేనూ మా వారూ అరవై దాటినవాళ్ళం. వచ్చే నెల గ్రూప్ టూర్‌లో పారిస్, రోమ్ వెళ్తున్నాం. జేబుదొంగలు ఎక్కువని అందరూ భయపెడుతున్నారు. పాస్‌పోర్టు హోటల్లో పెట్టాలా, వెంట ఉంచుకోవాలా? మెడలో నల్లపూసలు ఉంచుకోవచ్చా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: వెంటే ఉంచుకోండి, అయితే హ్యాండ్‌బ్యాగులో మాత్రం వద్దు. ఆ దేశాల్లో పోలీసులు విదేశీయుల్ని గుర్తింపు పత్రం చూపించమని అడగొచ్చు. అదీగాక గ్రూప్ టూర్లలో రెండు రోజులకోసారి హోటల్ మారుతుంది. పొద్దున్నే బస్సెక్కే హడావుడిలో గది సేఫ్‌లో పాస్‌పోర్టు మరిచిపోయే ప్రమాదం దొంగల భయానికేమీ తీసిపోదు. ఎప్పుడైనా సేఫ్‌లో పెట్టాల్సి వస్తే, మర్నాడు వేసుకోబోయే చెప్పుల్లో ఒకటి కూడా అందులోనే పెట్టండి. ఒంటి చెప్పుతో ఎవరూ గది దాటరు.

మన అమ్మమ్మలు డబ్బు గుడ్డసంచిలో పెట్టి రొంటిన దోపుకునేవారు. ఐరోపాలో ఇప్పటికీ అంతకన్నా మంచి పద్ధతి లేదు. పల్చటి జిప్పు సంచి ఒకటి కొని లంగా బొందుకు తగిలించి లోపలికి దోపుకోండి. మీ వారికి ప్యాంటు లోపల నడుముకు కట్టుకునే మనీ బెల్టు సరిపోతుంది. అందులో ఎవరి పాస్‌పోర్టు వారిది, ఒక కార్డు, ఒక వంద యూరోలు ఉండాలి. ఆ సంచిని వీధిలో ఎప్పుడూ తెరవకండి. తెరిస్తే అది ఎక్కడుందో చూసేవాడికి మీరే చెప్పినట్టు. ఆ రోజు ఖర్చుకు 40, 50 యూరోలు వేరే చిన్న పర్సులో పెట్టుకోండి. పోయినా అంతవరకే పోతుంది.

దొంగలు ఎక్కువగా పనిచేసేది రద్దీలో. పారిస్‌లో 1వ నంబరు మెట్రో లైను, ఐఫిల్ టవర్ పరిసరాలు, సాక్రే కేర్ చర్చి మెట్లు, రోమ్‌లో టెర్మినీ స్టేషను, అక్కడి నుంచి వాటికన్ వైపు వెళ్ళే 64వ నంబరు బస్సు ఇందుకు పేరుపడ్డాయి. పద్ధతులు కొన్నే. మెట్రో తలుపు మూసుకునే క్షణంలో చేతిలో ఫోను లాక్కుని దిగిపోతారు, కాబట్టి తలుపు పక్కన నిలబడి ఫోను చూడకండి. ఎస్కలేటర్ దిగే చోట ముందున్నవాడు చటుక్కున ఆగుతాడు, వెనకవాడు మీ మీద పడతాడు, ఆ తోపులాటలో సంచి జిప్పు తెరుచుకుంటుంది. సంతకం చేయమని అట్ట పట్టుకొచ్చే అమ్మాయిలుంటారు, ఆ అట్ట కింద ఇంకో చెయ్యి మీ సంచిలో ఉంటుంది. సాక్రే కేర్ దగ్గర చేతికి దారం కట్టి డబ్బు గుంజేవాళ్ళుంటారు, చేతులు జేబులో పెట్టుకుని ఆగకుండా నడవండి. ‘మీ కోటు మీద ఏదో పడింది’ అంటూ తుడవడానికి వచ్చినవారిని తుడవనివ్వకండి. మామూలు దుస్తుల్లో వచ్చి పోలీసులమంటూ పర్సు చూపించమంటే ఇవ్వకండి, పోలీస్ స్టేషనుకే వచ్చి చూపిస్తామనండి. హోటల్లో బ్రేక్‌ఫాస్ట్ దగ్గర సంచిని కుర్చీకి తగిలించి ప్లేటు పట్టుకుని వెళ్ళడం మనవాళ్ళు తరచుగా చేసే పొరపాటు. అక్కడికి వచ్చేవాళ్ళంతా హోటల్ అతిథులే అనుకోవద్దు.

నల్లపూసలు తీసేయమని మేం చెప్పం. సన్నవి వేసుకుని, పైన మెడదాకా స్వెటరో స్కార్ఫో ఉండేలా చూసుకోండి. బరువైన గొలుసులు, గాజులు ఇంట్లోనే ఉంచండి. కొంచెం ఎక్కువ బంగారం తీసుకెళ్ళక తప్పకపోతే, బయల్దేరేటప్పుడు విమానాశ్రయంలోని కస్టమ్స్ కౌంటర్లో నగలు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. కొన్న బిల్లు గానీ, విలువ కట్టిన పత్రం గానీ, ఫొటోలు గానీ దగ్గర ఉంటే పని సులువు. తిరిగొచ్చినప్పుడు ఇవి ఇక్కడినుంచి తీసుకెళ్ళినవే అనడానికి అదే రుజువు.

ఇంత చేసినా పాస్‌పోర్టు పోతే ఈ వరుసలో కదలండి. ముందు దగ్గరి పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు చేసి కాపీ తీసుకోవాలి. ఇటలీలో ఆ కాగితాన్ని దెనూంచా అంటారు, అది లేకుండా ఎంబసీలో గానీ ఇన్సూరెన్స్‌లో గానీ పని ముందుకు సాగదు. తర్వాత ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి వెళ్ళాలి. టూర్ మధ్యలో కొత్త పాస్‌పోర్టు కోసం కూర్చోవడం కష్టం, ఎందుకంటే మీ వివరాలు ఇండియా నుంచి నిర్ధారణ కావాలి. అందుకని చాలామందికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇండియాకు తిరిగి రావడానికి ఒక్కసారే పనికొచ్చే కాగితం, దానితో ఇంకో దేశం చూడటానికి వెళ్ళలేరు. విమానం మారే దేశం దాన్ని ఒప్పుకుంటుందో లేదో టికెట్ మార్చుకునే ముందే ఎయిర్‌లైన్‌ను అడగండి. పోయిందని ఫిర్యాదు చేశాక పాత పాస్‌పోర్టు దొరికినా దానితో ప్రయాణం చేయకూడదు, అది రద్దయిన జాబితాలోకి వెళ్ళిపోయి ఉంటుంది.

ఈ పనంతా త్వరగా కావాలంటే ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవాలి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా పేజీ జిరాక్స్ రెండు సెట్లు తీయించండి. మీ కాపీలు మీ వారి పెట్టెలో, ఆయనవి మీ పెట్టెలో పెట్టండి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్‌తో తీయించిన ఫొటోలు నాలుగు వాటితోపాటే ఉంచండి. ఇవే ఇంట్లో పిల్లలకూ మెయిల్ చేయండి. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో అత్యవసరానికి ఒకే నంబరు, 112.

ప్రశ్న: మా అమ్మానాన్న మొదటిసారి అమెరికా వెళ్తున్నారు. హైదరాబాద్ నుంచి రెండు విమానాలు మారాలి. చెక్-ఇన్ చేసిన పెట్టెలు పోకుండా ఏం చేయాలి? పోతే పరిహారం వస్తుందా?
(ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: ముందుగా ఒక సంగతి వాళ్ళకు బాగా వంటబట్టేలా చెప్పండి. పెట్టెకు అంటించిన ట్యాగ్ మీద చివరి ఊరి పేరే ఉన్నా, అమెరికాలో మొదట దిగే విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అయ్యాక మామూలుగా పెట్టెలు తామే బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, ఆ పక్కనే ఉన్న కౌంటర్లో మళ్ళీ అప్పగించాలి. ‘పెట్టెలు నేరుగా వెళ్ళిపోతాయట’ అని నమ్మి పెద్దవాళ్ళు ముందుకు సాగిపోతే, అవి మొదటి ఊళ్ళోనే ఉండిపోతాయి.

పెట్టె సర్దేటప్పుడు పాత ప్రయాణాల స్టిక్కర్లు, చిన్న బార్‌కోడ్ ముక్కలు కూడా గోకి తీసేయాలి. స్కానర్ పాతదాన్ని చదివితే పెట్టె వేరే ఊరికి పోతుంది. బయటి ట్యాగ్ ఊడిపోవచ్చు కాబట్టి లోపల బట్టల మీద ఒక కాగితం పెట్టండి. పేరు, అమెరికాలో దిగే చిరునామా, అక్కడి ఫోన్ నంబరు, మెయిల్ అందులో రాయండి. ఎర్ర రిబ్బన్ మనవాళ్ళందరూ కడతారు, అది గుర్తుగా పనిచేయదు. పేరు పెద్దక్షరాల్లో పెయింట్ చేయండి లేదా రంగురంగుల బెల్టు కట్టండి. తాళం టీఎస్‌ఏ (అమెరికా విమానాశ్రయాల తనిఖీ సంస్థ) గుర్తున్నదే కొనండి, మిగతా తాళాల్ని తనిఖీలో కోసేయొచ్చు. జిప్పు పెట్టెల్ని బాల్‌పెన్ మొనతో కూడా పళ్ళు విడదీసి తెరవొచ్చని మరిచిపోకండి. కాబట్టి తాళం ఉంది కదా అని బంగారం, డబ్బు, ల్యాప్‌టాప్, పాస్‌బుక్కులు చెక్-ఇన్‌లో వేయవద్దు. ఎయిర్‌లైన్ల షరతుల్లో ఇలాంటి వాటికి బాధ్యత మాది కాదని రాసి ఉంటుంది. మందులు, వాటి డాక్టరు చీటీలు, కళ్ళజోడు, ఒక జత బట్టలు క్యాబిన్ బ్యాగులో ఉండాలి. పెట్టె మూసేముందు లోపలి వస్తువుల ఫొటో తీయండి.

పెట్టె రాకపోతే బ్యాగేజీ హాలు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో ఫిర్యాదు రాయించాలి. దాన్ని పీఐఆర్ అంటారు, దాని నంబరు, బోర్డింగ్ పాసుకు అంటించిన బ్యాగేజీ చీటీ జాగ్రత్త. ఇంటికి వెళ్ళి ఫోన్ చేద్దాంలే అనుకుంటే పెట్టె ఎక్కడ పోయిందో రుజువు చేయడం మీ మీద పడుతుంది. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె పాడైతే చేతికొచ్చిన 7 రోజుల్లోగా, ఆలస్యంగా వస్తే చేతికొచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. కోర్టుకు వెళ్ళడానికి గడువు 2 ఏళ్ళు. 2024 డిసెంబరు 28 నుంచి పరిహారం గరిష్ఠ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్. ఇది అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) లెక్కగట్టే విలువ, మన డబ్బులో ఉరమరగా లక్షా 80 వేల రూపాయల దరిదాపు. మనిషికి అని గమనించండి, పెట్టెకు కాదు. ఆ మొత్తం దానంతటదే రాదు, పోయినవాటి విలువకు బిల్లులు చూపాలి. పెట్టె ఆలస్యమైన రోజుల్లో కొన్న బట్టలు, సబ్బుల రసీదులూ దాచండి.

ప్రశ్న: పవర్‌బ్యాంకు ఎక్కడ పెట్టాలి? ఎంతవరకు అనుమతి?
(ఒక విద్యార్థి, గుంటూరు)

జవాబు: క్యాబిన్ బ్యాగులోనే. సరుకుల అరలో లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే సిబ్బంది చెయ్యి అందదు, అందుకే చెక్-ఇన్‌లో నిషేధం. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) వరకు సాధారణంగా అనుమతి, 100 నుంచి 160 వరకు ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి. లెక్క ఇలా: పవర్‌బ్యాంకు మీద రాసి ఉండే కెపాసిటీ, అంటే 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో గుణించి 1000తో భాగిస్తే 74 వాట్-అవర్లు. కెపాసిటీ ముద్ర చెరిగిపోయినదాన్ని తీసేసుకుంటారు, కాబట్టి కొత్తది కొనుక్కోండి. ఎమిరేట్స్ ఎయిర్‌లైన్ 2025 అక్టోబరు 1 నుంచి ఒక్క పవర్‌బ్యాంకునే అనుమతిస్తోంది, అదీ విమానంలో వాడకూడదు.

ప్రశ్న: దుబాయ్ పనికి వెళ్తున్నాను. ఊళ్ళోవాళ్ళు తమవాళ్ళకు ఇమ్మని పచ్చళ్ళు, మందుల పొట్లాలు ఇస్తున్నారు. కాదనలేకపోతున్నాను.
(ఒక పాఠకుడు, జగిత్యాల)

జవాబు: మూసిన పొట్లం ఎవరిచ్చినా తీసుకోకండి అన్నా. మొహమాటం పడేచోటు ఇది కాదు. అక్కడ మత్తుపదార్థాల చట్టం చాలా కఠినం, ఎవరి సంచిలో దొరికితే బాధ్యత వారిదే. ‘నాకు తెలియదు, పక్కింటివాళ్ళు ఇచ్చారు’ అన్న మాట మిమ్మల్ని కాపాడుతుందని నమ్ముకోలేం. తీసుకోక తప్పకపోతే ఇచ్చినవాళ్ళ ముందే విప్పి, ప్రతి డబ్బా మూత తీసి, పచ్చడిలో గరిటె పెట్టి అడుగుదాకా చూసి, మీ చేత్తో మీరే మళ్ళీ కట్టుకోండి. విప్పొద్దు అన్నవారికి అక్కడే నమస్కారం పెట్టేయండి.

గసగసాలు అసలే వద్దు. మనింట్లో కూరలోకి వేసే దినుసు యూఏఈలో (దుబాయ్ ఉన్న దేశం) నిషేధం. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో అవి కలిశాయేమో ఇంట్లోవాళ్ళను అడగండి. మందుల్లో కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, ట్రమడాల్ నొప్పి మాత్రలు, ఆందోళనకు, నిద్రకు వాడే ఆల్ప్రజోలం లాంటి మాత్రలు అక్కడ నియంత్రణలో ఉన్నవి. మీ సొంతానికి కావాలంటే యూఏఈ ప్రభుత్వ వెబ్‌సైటులో ముందే అనుమతి తీసుకోవాలి. డాక్టరు చీటీ మీ పేరున ఉండాలి, మాత్రలు స్ట్రిప్పులోనే ఉండాలి. ఇంకొకరి మాత్రలు మోయకండి.

యూఏఈలో యజమాని మీ పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాపీలు ఇంట్లో ఒక సెట్టు ఇచ్చి వెళ్ళండి. కష్టమొస్తే అక్కడి భారతీయ సహాయ కేంద్రం నంబరు 800 46342, కాల్ ఉచితం. ఇది ఫోన్లోనే కాకుండా కాగితం మీద కూడా రాసుకోండి.

ప్రశ్న: విదేశంలో ఫోను పోతే బ్యాంకు ఖాతా సంగతేంటి?
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: పర్సు కన్నా ఫోను పోవడమే పెద్ద దెబ్బ. సిమ్ అందులోనే ఉంటే ఓటీపీలన్నీ దొంగ చేతికి వెళ్తాయి. బయల్దేరేముందు సిమ్‌కు పిన్ పెట్టండి. లేకపోతే సిమ్ తీసి వేరే ఫోన్లో వేసి ఓటీపీలు చూసుకుంటారు. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి.

కార్డుల్లో విదేశీ వాడకం ఆఫ్‌లో ఉంటే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని, రోజువారీ పరిమితి మీ అవసరానికి తగ్గించి పెట్టండి. తిరిగి రాగానే ఆపేయండి. విదేశీ వెబ్‌సైట్లలో చాలాచోట్ల ఓటీపీ లేకుండానే డబ్బు పోతుంది కాబట్టి ఆ పరిమితే మీకు కంచె. రెండు బ్యాంకుల కార్డులు రెండుచోట్ల ఉండాలి. ఏటీఎం బ్యాంకు లోపల ఉన్నదే వాడండి. బిల్లు రూపాయల్లో కావాలా, స్థానిక కరెన్సీలో కావాలా అని మెషీన్ అడిగితే స్థానిక కరెన్సీయే నొక్కండి, రూపాయలంటే వాళ్ళ రేటు కట్టి ఎక్కువ లాగుతారు.

పోయిన వెంటనే వరుస ఇది: ముందు సిమ్ బ్లాక్, తర్వాత కార్డులు, ఆ తర్వాత పోలీసులు. బ్యాంకు, టెలికాం కంపెనీల విదేశాల నుంచి కలిసే నంబర్లు +91తో కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి, 1800 నంబర్లు అక్కడినుంచి సాధారణంగా కలవవు. బ్యాంకు తప్పు గానీ మీ తప్పు గానీ లేకుండా మోసం జరిగి, బ్యాంకు సమాచారం అందిన 3 పని దినాల్లో చెబితే మీ బాధ్యత సున్నా అని ఆర్‌బీఐ 2017లో నిబంధన పెట్టింది. ఫిర్యాదు నంబరు, చెప్పిన సమయం రాసుకోండి. గంటల తేడా వల్ల ఇండియాలో అప్పటికి ఏ తేదీయో కూడా పక్కన రాయండి.