చిన్న నత్తలన్నీ పెద్దవాటి పిల్లలేనా?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కాకినాడ దగ్గర కోరంగి మడ అడవికి పోయొచ్చాం. చెక్కల వంతెన మీంచి చూస్తే బురదలో వేలెడంత నత్తలు, చెట్ల మొదళ్ల మీద గోరంతవి కనిపించాయి. చిన్నవి పెద్దవాటి పిల్లలా? మా చెరువులో అన్నీ ఒకే తీరుగుంటయి, అక్కడ ఇన్ని రకాలెందుకు?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: పిల్లలు కావండి, వేరే జాతులు. బురదలో కోసుగా పొడుగ్గా ఉన్నది టెలిస్కోపియం అయ్యుండాలి, నాలుగంగుళాల దాకా పెరుగుతుంది, బురద పైపొరలోని నాచూ కుళ్లిన ఆకూ తింటుంది. చెట్టు మీది చిన్నది లిట్టొరేరియా. పోటు వస్తుంటే నీళ్లకు అందకుండా ఇంకా పైకి పాకుతుంది.

వయసు తెలియాలంటే సైజు కాదు, గుల్ల నోటి అంచు చూడాలి. సెరిథిడియా లాంటి మడ నత్తల్లో ఎదుగుదల పూర్తయ్యాక ఆ అంచు మందమై బయటికి విచ్చుకుంటుంది, పిల్ల నత్తకైతే పల్చగా, ఇట్టే విరిగేలా ఉంటుంది. చిన్న గుల్లకు మందపాటి అంచు ఉందంటే అది ఆ చోట అంతవరకే పెరిగింది.

ఎందుకంటే నత్తకు తడి ఆరితే చావే. పోటు ఎప్పుడో గానీ తాకని మెరక నేలలో అది గుల్ల నోటికుండే మూత బిగించుకొని కూర్చుంటుంది, మూత వేసుకున్నంతకాలం తిండి లేదు, తిండి లేకపోతే గుల్ల పెరగదు. కానీ చిన్న ఒంటికి తడి ఇంకా త్వరగా ఆరుతుంది కాబట్టి అక్కడ పిల్లలే ముందు చచ్చిపోయి, ఒక్కోసారి పెద్దవే మిగిలి కనిపిస్తాయి. నీడా, మెత్తటి బురదా ఉన్నచోట తిండికి కొదవ లేదు, అయినా గుంపు మరీ ఎక్కువైతే తలా కొంచెమే దక్కుతుంది. పల్చటి గుల్లల్ని పీతలు చిదిమేస్తాయి. ఉప్పు సంగతి సరేసరి, వానాకాలంలో గోదావరి వరదకు తగ్గి ఎండల్లో మళ్లీ పెరుగుతుంది, రెండూ తట్టుకున్నవే అక్కడ నిలుస్తాయి.

రకాలు ఎక్కువ ఉండేది చెట్ల వల్లే. ఆకులు, మొదళ్లు, పైకి పొడుచుకొచ్చే శ్వాస వేర్లు, నీడ బురద, ఎండ బురద, ఒక్కోచోట ఒక్కో జాతి. ఆకుల మీద ఉండే లిట్టొరేరియాల గుల్ల పల్చన, మొదళ్ల మీదివాటిది మందం. చెట్లు కొట్టేస్తే ఇవి పోతాయి, నత్తల సంఖ్య మాత్రం తగ్గకపోవచ్చు, ఆరుబయట బురదలో సెరిథిడియోప్సిల్లా లాంటి ఒకటి రెండు జాతులే కుప్పలుగా పెరగొచ్చు. ఫిలిప్పీన్స్‌లో చేపల చెరువుల్లో సెరిథిడియోప్సిల్లాను చీడగా చూస్తారు. నత్తలు బోలెడున్నాయి కాబట్టి అడవి బాగుందని ఎవరైనా అంటే దయచేసి నమ్మకండి, ఎన్ని రకాలున్నాయో అడగండి.

మీ చెరువులోనూ అన్నీ ఒకటే అయ్యుండవు. గుండ్రంగా పెద్దగా ఉండేది పైలా, దానికి మొప్పా ఊపిరితిత్తీ రెండూ ఉంటాయి, గట్టు తడిమట్టిలో తెల్లటి గుడ్లు పెడుతుంది, నీళ్లెండితే బురదలో దిగి వానదాకా మూత తీయదు. కాస్త కోసుగా ఉండే చిన్నది బెల్లమియా, గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది.

కోరంగి అభయారణ్యం కాబట్టి అక్కడి గుల్లలు తేకండి, పిల్లలకు చూపడానికి మీ దగ్గరివి చాలు. ఎండాకాలంలో ఎండే కుంటలో ఒక ఖాళీ పైలా గుల్ల, ఏడాదంతా నీళ్లుండే చెరువులో ఒకటి ఏరి పక్కపక్కన పెట్టండి. గుల్ల మీద సన్నటి గీతల మధ్య అక్కడక్కడా గట్టులా లేచిన మందపాటి గీతలుంటాయి, అవి నత్త ఎదుగుదల ఆగిన రోజుల గుర్తులు.