ఇంటి పిల్లికి చికెనా, చేపా, మటనా? తిరుపతిలో పిల్లుల్ని పెంచుతున్న అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తిరుపతిలోనే ఉంటారు, ఇంట్లో అందరూ శాకాహారులు, రెండేళ్ల మగపిల్లి ఉంది. ఇన్నాళ్లూ పాలు, పెరుగన్నం పెట్టారు, అప్పుడప్పుడు పక్కింటివాళ్లు చికెన్ ముక్కలు ఇచ్చేవాళ్లు, మటన్ మాత్రం అది ఎప్పుడూ తినలేదు. ఇప్పుడు సరిగా మాంసం మొదలుపెట్టాలనుకుంటున్నారు. చికెన్, చేప, మటన్‌లలో ఏది మంచిది? మెడ దగ్గర తెగ గోక్కుంటోంది, అది చికెన్ వేడి చేయడం వల్లేనా?

సూటిగా చెబుతాను. మన ఊళ్లో రోజూ తాజాగా దొరికేది, పిల్లికి సులువుగా అరిగేది, ధర అందుబాటులో ఉండేది చికెన్. గోకుడు సంగతి తేలితే అదే చాలు (ఆ సంగతి కింద రాశాను). కానీ ఏ జంతువు మాంసం అన్నది రెండో ప్రశ్న. ఆ మాంసంలో ఏం లేదు, ఆ లోటును దేంతో పూడుస్తున్నాం అన్నది మొదటి ప్రశ్న. మా ఇంట్లోకి పిల్లులు వచ్చినప్పటి నుంచి నేను ఎక్కువగా తెలుసుకున్నది, డాక్టర్లను ఎక్కువగా అడిగింది దీని గురించే.

ముందు పెరుగన్నం మాట. పిల్లి ఒళ్లు మాంసం మీదే బతికేలా తయారైంది. టారిన్ అనే పదార్థం మన ఒంట్లో తయారవుతుంది, పిల్లి ఒంట్లో చాలినంత తయారవదు. బియ్యంలో, పప్పుల్లో అది ఉండదనే చెప్పాలి, పాలలో చాలా కొద్దిగా ఉంటుంది. టారిన్ తగ్గితే పిల్లి కంటిలోని రెటీనా పాడవుతుందని 1975లో, గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుందని 1987లో శాస్త్రవేత్తలు తేల్చారు. అప్పటి నుంచే కంపెనీలు పిల్లి తిండిలో టారిన్ పెంచాయి. గుండె జబ్బును ముందే కనిపెడితే చాలాసార్లు బాగవుతుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. ఇంకొకటి, క్యారెట్ తిన్న మనకు అందులోంచి విటమిన్ ఏ తయారవుతుంది, పిల్లికి అవదు. అది మాంసంలోంచి నేరుగా అందాల్సిందే. అందుకే పెరుగన్నం తిన్న పిల్లికి కడుపు నిండుతుంది గానీ ఒంటికి కావలసింది అందదు. శాకాహార ఇంట్లో పిల్లికి మాంసం పెట్టాలంటే మనసు ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా పెద్దమ్మ వాళ్లింట్లో చూశాను. అయినా మీరు ఆ నిర్ణయానికి వచ్చారంటే దాని మీద మీకున్న ప్రేమ అర్థమవుతోంది. పాలు మాత్రం మెల్లగా మాన్పించండి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి.

అలాగని ఉత్త మాంసమే పెట్టినా సరిపోదు. దీన్ని చాలామంది పట్టించుకోరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బోన్‌లెస్ కోడిమాంసంలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ పదిహేను రెట్ల పైనే ఉంటుంది. పిల్లికి ఆ రెండూ దాదాపు సమానంగా, కాల్షియం ఓ పిసరు ఎక్కువగా అందాలి. లోటు పడితే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. పెరిగే పిల్లికూనల్లో ఇది తొందరగా బయటపడుతుంది. కుంటుతాయి, మంచం మీద నుంచి దూకినా కాలు విరుగుతుంది. అడవిలో పిల్లి ఎలుకను ఎముకలతో సహా తింటుంది, అందుకే దానికి ఈ బాధ లేదు. మనం ఉడికించిన ఎముక పెట్టకూడదు. ఉడికితే అది పెళుసై సూదిమొనల్లా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. నేను ఇంట్లో వండినప్పుడు గుడ్డు పెంకులు కడిగి, పొడిగా వేయించి, మిక్సీలో మెత్తగా పొడి చేసి, అరకిలో మాంసానికి అర టీస్పూన్ కలుపుతాను. దాంతో కాల్షియం సర్దుకుంటుంది, అంతే. టారిన్, విటమిన్ ఈ, అయోడిన్, ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. రోజూ మూడు పూటలా ఇంటి వంటే పెట్టాలనుకుంటే వెటర్నరీ డాక్టర్‌తో కొలతలు రాయించుకుని, ఆయన చెప్పిన సప్లిమెంట్ కలపాలి.

ఇక చికెన్‌లో ఏ ముక్క? అందరూ బ్రెస్ట్ అడుగుతారు. నేను స్కిన్ తీసిన లెగ్ పీస్ మాంసం తీసుకుంటాను. నల్లగా ఉండే తొడ మాంసంలో బ్రెస్ట్ కంటే టారిన్ ఎన్నో రెట్లు ఎక్కువ. గుండెకాయల్లోనూ బాగా ఉంటుంది. చికెన్ షాపులో గుండెకాయలు, కందనకాయలు విడిగా అడిగితే తక్కువ ధరకే ఇస్తారు. కందనకాయ కూడా మంచి కండే, పైపొర తీసి చిన్నగా కోయాలి. కార్జం దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టండి. పిల్లులు దాని మీద ప్రాణం పెట్టుకుంటాయి, చవక కూడా, దాంతో రోజూ కార్జమే పెట్టేవాళ్లు ఉన్నారు. అందులో విటమిన్ ఏ విపరీతంగా ఉంటుంది, నెలల తరబడి అదే తింటే మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయి పిల్లి తల తిప్పలేని స్థితి వస్తుంది. వారానికి ఒకటి రెండు చిన్న ముక్కలు చాలు. నాటుకోడి పెడితే ఎక్కువ బలమా అని అడుగుతుంటారు. పిల్లికి అదీ చికెనే, కాకపోతే ఇంకాసేపు ఉడకాలి.

ఉడికించేటప్పుడు మాంసం మునిగేంత నీళ్లే పోయండి, ఉప్పు వద్దు. టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది, ఆ రసం పారబోయకుండా ముక్కల మీదే పోసి పెట్టాలి. మన తిరుపతి ఎండలకు ఇది ఇంకో విధంగా కూడా మేలు. పిల్లికి దాహం తక్కువ, గిన్నెలో నీళ్లున్నా పెద్దగా తాగదు. మాంసంలో నూటికి 70 పాళ్లకు పైగా నీరే, డ్రై ఫుడ్‌లో 10 పాళ్లే. ఏప్రిల్, మే నెలల్లో డ్రై ఫుడ్ ఒక్కటే తినే మగపిల్లుల గురించి నాకు చాలా బెంగ. వాటి మూత్రనాళం సన్నం, నీరు తగ్గితే అడ్డుపడే ప్రమాదం పెరుగుతుంది. మీదీ మగపిల్లే కాబట్టి గుర్తుంచుకోండి. మళ్లీ మళ్లీ మట్టి పెట్టె దగ్గరికెళ్లి ముక్కుతూ మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చేప గురించి. పిల్లి అంటే చేప అని మనందరి మనసులో ఉంది, కానీ రోజూ పెట్టే తిండి కాదది. చాలా రకాల పచ్చి చేపల్లో విటమిన్ బీ1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది. అది తగ్గితే పిల్లి తూలుతుంది, తల వంచేస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. కవళ్లలాంటి నూనె చేపలే ఎక్కువగా పెడితే విటమిన్ ఈ లోటు వచ్చి ఒంట్లో కొవ్వు వాచి, ముట్టుకుంటేనే ఏడుస్తుంది. శీలావతి, జిలేబి లాంటివి ఉడికించి, ముళ్లు వేళ్లతో వెతికి తీసి, వారానికి ఒకటి రెండుసార్లు పెట్టండి, ఇబ్బంది లేదు. ఎండుచేపలు ఉప్పు కాబట్టి వద్దు.

మటన్ మంచిదే, కొవ్వు తీసేయాలి, ఖరీదు ఎక్కువ. గుడ్డు ఉడికించి పావు ముక్క ఇవ్వొచ్చు.

పక్కింటివాళ్లు ఇచ్చే కూర ముక్కల గురించి మాత్రం గట్టిగా చెబుతాను. మసాలా కడిగేసి ఇచ్చామంటారు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, ఉడికినవైనా, పొడి అయినా ఒకటే. కూర ఉడికేటప్పుడే ఆ రసం ముక్కలోకి ఇంకిపోతుంది, పైన కడిగితే పోదు. ఉల్లిపాయ వేయకముందే రెండు ముక్కలు తీసి పక్కన పెట్టమని వాళ్లను నెమ్మదిగా అడగండి.

పచ్చి మాంసం పెట్టమని ఇంటర్నెట్‌లో చాలామంది చెబుతారు. నేను పెట్టను. సాల్మొనెల్లా లాంటి క్రిములు పిల్లికే కాదు, దాని గిన్నె కడిగే మనకూ వస్తాయి. బర్డ్ ఫ్లూ కూడా ఉంది. 2024లో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకు వచ్చింది. ఆ 2025లోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లుల్లో ఆ వైరస్ బయటపడింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా ఈ వైరస్ చావదు, బాగా ఉడికిస్తే చస్తుంది.

ఇప్పుడు గోకుడు. చికెన్ వేడి చేసిందని మన ఇళ్లలో వెంటనే అనేస్తారు. పిల్లి విషయంలో ముందు చూడాల్సింది పేలు, గోమార్లు (ఇంగ్లీషులో ఫ్లీలు అంటారే, అవి). పళ్లు దగ్గరగా ఉన్న దువ్వెనతో తోక మొదట్లో, మెడ వెనక దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్లకాగితం మీద వేయండి. ఎర్రగా మారితే గోమార్లున్నట్టే. మందు వేసేటప్పుడు జాగ్రత్త. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీస్తుంది.

గోమార్లు లేవని తేలాకా గోకుడు ఆగకపోతే తిండి పడటం లేదేమో చూడాలి. మా పిల్లి మల్లికి అదే జరిగింది. చెవుల ముందు వెంట్రుకలు ఊడి, మెడ మీద పొక్కులు కట్టి, రాత్రంతా గోకుతూ ఉండేది, చూస్తుంటే ఏడుపొచ్చేది. చిన్నప్పటి నుంచి అది తిన్నది చికెన్, చేపే. పిల్లులకు ఎక్కువగా పడనివిగా పరిశోధనల్లో తేలిన వాటిలో బీఫ్, చేప, చికెన్ ముందుంటాయి. పడకపోవడం అంటే ఆ మాంసం చెడ్డదని కాదు, ఎక్కువకాలం తిన్న ప్రోటీన్ మీదే ఒళ్లు తిరగబడుతుంది. డాక్టర్ గారు దానికి జన్మలో పెట్టని మాంసం ఏదైనా ఉందా అని అడిగారు. మటన్ ఎప్పుడూ పెట్టలేదు. ఎనిమిది వారాలు పొట్టేలు మాంసం, ఆయన రాసిన సప్లిమెంట్, ఇంకేమీ వద్దన్నారు. ఇంట్లో ఎవరూ బిస్కెట్ ముక్క కూడా వేయకుండా అందరం కట్టుబడ్డాం. నెల తిరిగేసరికి గోకుడు సగానికి తగ్గింది, తర్వాత పూర్తిగా ఆగింది. అప్పుడు ఆయనే మళ్లీ చికెన్ పెట్టించి చూశారు, కొద్ది రోజుల్లోనే పొక్కులు వచ్చాయి. అలా చికెనే కారణమని నిర్ధారణ అయింది.

అందుకే నేను అందరికీ చెప్పేది, ఉన్న మాంసాలన్నీ ఒకేసారి రుచి చూపించేయకండి. రెండు రకాలు అలవాటు చేయండి, కనీసం ఒకటి ఎప్పుడూ పెట్టకుండా దాచుకోండి. మటన్ అయినా సరే, కౌజు పిట్ట అయినా సరే. ఎప్పుడైనా ఒంటికి పడకపోతే పరీక్ష చేయడానికి అదే ఆధారం. మీ పిల్లి మటన్ ఇంకా తినలేదంటున్నారు కాబట్టి దాన్ని అలాగే ఉంచండి.

వంటింట్లో మాంసం వండలేని మీలాంటివాళ్లకు తేలిక దారి ప్యాకెట్ తిండే, అందులో తప్పేమీ లేదు. మీద పెద్దక్షరాల్లో రాసినదాన్ని, చేప బొమ్మను చూడకండి. వెనక ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని ఉందా చూడండి, ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది చిరుతిండి కిందే లెక్క. ఫిష్ ఫ్లేవర్ ప్యాకెట్‌లో కూడా చికెన్ ఉండటం మామూలే, పడని పిల్లి ఉన్నవాళ్లు పదార్థాల జాబితా మొత్తం చదవాలి. ప్రోటీన్ పోల్చేటప్పుడు నీరు తీసేసి లెక్కగట్టండి. తడి తిండిలో ప్రోటీన్ 10 శాతం, నీరు 78 శాతం ఉంటే, మిగిలిన 22లో 10 ప్రోటీన్, అంటే 45 శాతం. డ్రై ఫుడ్‌లో 32 శాతం అని ఉంటే నీరు తీసేశాక 36 లోపే. అమెరికా ప్రమాణాల ప్రకారం నీరు తీసేసిన లెక్కలో పెద్ద పిల్లికి కనీసం 26, పిల్లికూనలకు 30 శాతం ఉండాలి. కుక్కల ప్యాకెట్ పిల్లికి పనికిరాదు.

మీ పిల్లికైతే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించి గోకుడు సంగతి తేల్చుకోండి. మన ఊళ్లోనే వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, దాని కాలేజీ ఆసుపత్రిలో పిల్లుల్ని చూస్తారు. చికెన్ పడుతుందని తేలితే పూర్తి పోషణ ఉన్న ప్యాకెట్ తిండి ప్రధానంగా పెట్టి, పైన రోజుకు 15 గ్రాముల దాకా ఉడికించిన చికెన్ ఇవ్వండి. నాలుగు కిలోల పిల్లికి రోజుకు కావలసిన 200 నుంచి 250 కేలరీల్లో పదో వంతు అది. అంతవరకైతే పోషణ లెక్క చెడదు. పెరుగన్నం ఒక్కరోజులో ఆపేయకండి. పాత తిండిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ పది రోజుల్లో మార్చండి. ఆకలేస్తే అదే తింటుందని పస్తు పెట్టడం పిల్లి దగ్గర ప్రమాదం. రెండు మూడు రోజులు తినకపోతే దాని కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదకొస్తుంది, లావు పిల్లికి ఇంకా తొందరగా. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే ఫోన్ చేసి డాక్టర్‌ను అడగండి. మార్చే రోజుల్లో ఏదైనా అనుమానం వస్తే ఇక్కడే రాయండి, నేను రోజూ చూస్తుంటాను.